ఎదుటి బండి మీ కారును గుద్దితే: క్లెయిమ్ ఎవరి మీద, ఏ దారిలో, ఏ క్రమంలో

"తప్పు వాడిది. కాబట్టి వాడి ఇన్సూరెన్స్ కంపెనీయే నా కారు బాగు చేయించాలి." ప్రమాదం జరిగాక చాలామంది మొదట అనుకునేది ఇదే. మాటలో న్యాయం ఉంది. కానీ ఎదుటివాడి కంపెనీకి ఫోన్ చేసి, కారును షెడ్డులో పెట్టి, బిల్లు వాళ్లకు పంపే పద్ధతి మన దేశంలో ఆచరణలో లేదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ అపోహతో మొదటి వారం వృథా చేసుకోవడం వల్లే.

మీ ముందున్న దారులు రెండు. మొదటిది మీ సొంత పాలసీలోని ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మీ కారుకు జరిగిన నష్టానికి ఉన్న బీమా. ఇది మీకూ మీ కంపెనీకీ మధ్య ఒప్పందం. తప్పు ఎవరిదన్న దానితో ఇక్కడ పెద్దగా పని లేదు. కారు దెబ్బతిన్నదా, పాలసీ షరతులు పాటించారా అన్నదే చూస్తారు. రెండోది ఎదుటి వాహనం మీద ఉన్న థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ వాహనం ఇతరులకు చేసిన నష్టానికి ఉన్న బీమా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది ప్రతి వాహనానికీ తప్పనిసరి. ఇక్కడ మొదటి ప్రశ్నే తప్పు ఎవరిది అని. దాన్ని తేల్చేది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్, అంటే కోర్టు.

మొదటి దారిలో డబ్బు త్వరగా వస్తుంది, కొంత కోత పడుతుంది. రెండో దారిలో కోత ఉండకపోవచ్చు గానీ వాయిదాలు తప్పవు. రెండింటికీ కావలసిన ఆధారాలు మాత్రం రోడ్డు మీదే, మొదటి అరగంటలోనే దొరుకుతాయి.

మీ చేతిలో ఉన్న పాలసీ ఏది?

పాలసీ కాగితం మొదటి పేజీ తీసి చూడండి. 'ప్యాకేజ్' లేదా 'కాంప్రహెన్సివ్' అని ఉంటే రెండు భాగాలూ ఉన్నట్టు. 'లయబిలిటీ ఓన్లీ' అని ఉంటే థర్డ్ పార్టీ భాగం ఒక్కటే ఉన్నట్టు, మీ కారు సొట్టలకు మీ కంపెనీ రూపాయి కూడా ఇవ్వదు.

ఒక మెలిక ఉంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారు కొన్నప్పుడే 3 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా కట్టాలి. దానితోపాటు ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడాది రెన్యువల్ వదిలేసినవాళ్లు "మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉంది కదా" అనే భరోసాతో తిరుగుతుంటారు. ఓన్ డ్యామేజ్ గడువు తేదీ విడిగా రాసి ఉంటుంది, అది చూడండి. ఈ రెండు భాగాలూ వేర్వేరు కంపెనీల దగ్గర ఉండే అవకాశం కూడా ఉంది. మీ కారు రిపేరు కోసం ఓన్ డ్యామేజ్ ఇచ్చిన కంపెనీకే చెప్పాలి.

1. రోడ్డు మీద

ఎవరికైనా దెబ్బలు తగిలితే ముందు 108 లేదా 112. జాతీయ రహదారి మీదైతే 1033. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోగా పోలీసులకు తెలపడం, తన బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పడం డ్రైవరు బాధ్యతలు. తప్పు ఎవరిదైనా ఇవి తప్పవు.

బండ్లు పక్కకు తీసేముందు ఫోటోలు తీయండి. ట్రాఫిక్‌లో అవతలివాళ్లు హారన్లు కొడుతుంటే దగ్గరి ఫోటోలు రెండు తీసి వదిలేస్తారు. నిజానికి ఎక్కువగా పనికొచ్చేవి దూరం ఫోటోలు. రెండు బండ్లూ, రోడ్డు మధ్య గీత, సిగ్నల్ స్తంభం లేదా ఏదో ఒక కదలని గుర్తు ఒకే ఫ్రేములో పడాలి. ఎవరు ఎవరి లేన్‌లోకి వచ్చారో దాంతోనే తేలుతుంది. ఆ తర్వాత రెండు నంబరు ప్లేట్లు, టైరు జారిన గుర్తులు, రాలిన గాజు ముక్కలు, చివరగా సొట్టలు. ఎదుటి డ్రైవరు లైసెన్సు, ఆర్సీ, పాలసీ చూపిస్తే ఫోటో తీసుకోండి. చూపించకపోతే గొడవపడకండి, నంబరు ప్లేటు ఉంటే చాలు.

డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్‌ను వెంటనే లాక్ చేయండి, లేదా మెమరీ కార్డు తీసేయండి. కార్డు నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది పడుతుంది. పక్క దుకాణాల సీసీ కెమెరాలదీ అదే తంతు. కాబట్టి అదే రోజు అడగండి. యజమాని ఇవ్వనంటే ఆ కెమెరా ఎక్కడుందో పోలీసు ఫిర్యాదులో రాయండి. చూసినవాళ్లు ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోండి. సాయం చేసినవాళ్లు సాక్ష్యానికి భయపడతారు, కానీ 134ఏ సెక్షన్ వారికి రక్షణ ఇస్తుంది.

కారు కింద నూనె గానీ కూలెంట్ గానీ కారుతుంటే ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. రేడియేటర్ పగిలిన కారును నాలుగు కిలోమీటర్లు నడిపి ఇంజన్ పట్టేస్తే, బంపర్ డబ్బు ఇచ్చి ఇంజన్ డబ్బు ఇవ్వరు. అది ప్రమాదం వల్ల జరిగిన నష్టం కాదు, ఆ తర్వాత నడపడం వల్ల జరిగిన నష్టం అంటారు. ఆ వాదన చెల్లుతుంది కూడా. టోయింగ్ ఖర్చు ప్రామాణిక ప్రైవేటు కారు పాలసీలో 1,500 రూపాయల వరకు వస్తుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ విడిగా తీసుకుని ఉంటే దాన్నే వాడండి.

అక్కడికక్కడే రాజీ

"ఐదు వేలు ఇస్తాను అన్నా, వదిలేయండి" అని ఎదుటివాడు అంటాడు. గీతలకే పరిమితమైన దెబ్బయితే తీసుకుని వెళ్లిపోవడంలో తప్పులేదు. కానీ వెనకనుంచి గుద్దిన దెబ్బను పైనుంచి చూసి లెక్క కట్టకూడదు. ప్లాస్టిక్ బంపర్ వంగి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేస్తుంది. దాని వెనకున్న ఇనుప అడ్డపట్టీ, పార్కింగ్ సెన్సర్లు, డిక్కీ అడుగు రేకు దెబ్బతిన్నది బంపర్ విప్పితేనే కనిపిస్తుంది. డిక్కీ తలుపు మూసి చూడండి. రెండు పక్కలా సందు సమానంగా లేకపోతే లోపల రేకు జరిగినట్టే.

ఇంకో ప్రమాదం కాగితంలో ఉంది. "ఇకపై ఎటువంటి క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే, తర్వాత మీ సొంత కంపెనీ దగ్గర కూడా చిక్కే. మీకు డబ్బిచ్చాక తప్పు చేసినవాడి నుంచి రాబట్టుకునే హక్కు మీ కంపెనీకి ఉంటుంది. మీ సంతకం ఆ హక్కును పోగొట్టింది కాబట్టి వాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. రాజీ పడితే క్లెయిమ్ వద్దనుకోండి. క్లెయిమ్ చేయాలనుకుంటే రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి.

2. పోలీస్ స్టేషన్

ఎవరికైనా గాయమైతే ఎఫ్‌ఐఆర్ కావాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు 281, గాయాలకు 125, మరణానికి 106 సెక్షన్లు వర్తిస్తాయి. బండ్లకు మాత్రమే నష్టం జరిగితే తరచూ జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకంలో) నమోదుతో సరిపెడతారు. అదీ పనికొస్తుంది, కానీ దాని నంబరు, తేదీ మీ చేతిలో ఉండాలి. నోటిమాటగా చెప్పి రావద్దు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

మీ సొంత కంపెనీ చిన్న సొట్టలకు ఎఫ్‌ఐఆర్ అడగదు. ఎదుటివాడి మీద థర్డ్ పార్టీ క్లెయిమ్ వేయాలంటే మాత్రం పోలీసు రికార్డు లేనిదే కేసు నిలవడం కష్టం. "ఆ రోజు మా బండి అక్కడ లేనే లేదు" అని అవతలి లాయరు ఒక్క మాట అంటే చాలు, ఆ రుజువు భారమంతా మీ మీద పడుతుంది.

ఫిర్యాదులో మీరు రాసింది, కంపెనీ క్లెయిమ్ ఫారంలో రాసింది, గాయాలుంటే ఆస్పత్రి రికార్డులో చెప్పింది ఒకేలా ఉండాలి. సమయంలో పది నిమిషాల తేడాతో ఏమీ కాదు. డ్రైవరు పేరు మారితే అంతా పోతుంది. లైసెన్సు లేని తమ్ముడు నడిపితే అన్న పేరు పెట్టడం మన దగ్గర మామూలు సలహా అయిపోయింది. కంపెనీ పంపే ఇన్వెస్టిగేటరు ముందు వెతికేది సరిగ్గా ఆ అబద్ధాన్నే. టోల్ ప్లాజా కెమెరా, ఫోన్ లొకేషన్, సీటు బెల్టు వల్ల ఏ భుజానికి గాయమైంది, ఇలా పట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. దొరికితే క్లెయిమ్ మొత్తం పోతుంది, పైగా మోసం కేసు.

3. ఎదుటి బండి బీమా వివరాలు

బండి నంబరు తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో బీమా కంపెనీ పేరు, గడువు తెలుస్తాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో కూడా వెతకవచ్చు. ఈ రెండూ కుదరకపోతే మోటారు వాహనాల చట్టం 160వ సెక్షన్ ఉంది. ప్రమాదానికి కారణమైన వాహనం, డ్రైవరు, బీమా కంపెనీ వివరాలను పోలీసులు, ఆర్టీవో రుసుము తీసుకుని బాధితుడికి ఇవ్వాలి.

యాప్‌లో ఈ రోజు పాలసీ ఉందని చూపించడం ముఖ్యం కాదు. ప్రమాదం జరిగిన రోజు, ఆ గంటకు పాలసీ అమల్లో ఉందా అన్నది చూడాలి. ప్రమాదం తర్వాత పరుగెత్తుకెళ్లి పాలసీ తీసుకునేవాళ్లు ఉంటారు. అందుకే ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఆర్టీసీ బస్సు గుద్దితే దారి కాస్త వేరు. 146(3) కింద ప్రభుత్వ రవాణా సంస్థలకు బీమా నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. అలాంటప్పుడు సంస్థే నేరుగా ప్రతివాది అవుతుంది.

4. సొంత పాలసీ దారి

కంపెనీకి వెంటనే చెప్పండి. యాప్ ద్వారానో టోల్ ఫ్రీ నంబరుకో చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకోండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు ఒక్క నట్టు కూడా విప్పనివ్వకండి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన నిబంధనల ప్రకారం సర్వేయర్‌ను 24 గంటల్లో నియమించాలి. అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. నష్టం 50,000 రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరే చూడాలి. నివేదిక ప్రతి అడిగి తీసుకోండి. ఎక్కడ ఎంత కోత పడిందో అందులోనే ఉంటుంది.

బంపర్, తలుపు విప్పాక లోపల కొత్త నష్టం బయటపడితే అనుబంధ ఎస్టిమేట్ వేయించి, సర్వేయర్‌ను మళ్లీ పిలిపించాలి. వర్క్‌షాపువాళ్లు "మేం చూసుకుంటాం సార్" అని పని కానిచ్చేస్తారు. ఆ భాగాల డబ్బును కంపెనీ ఒప్పుకోకపోతే బిల్లు మీ మీదకే వస్తుంది.

కోతలు ఎలా పడతాయో ఒక ఉదాహరణతో చూద్దాం. మూడున్నరేళ్ల కారు, ఇంజన్ 1,200 సీసీ లోపు, జీరో డిప్రిసియేషన్ (భాగాల తరుగు కోయకుండా డబ్బిచ్చే యాడ్ ఆన్, అంటే అదనపు కవర్) లేదు. ప్రామాణిక పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్‌లకు 50 శాతం, ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం తరుగు. అద్దానికి తరుగు లేదు. ఇనుప భాగాల తరుగు కారు వయసును బట్టి పెరుగుతుంది: 6 నెలల వరకు సున్నా, ఏడాదిలోపు 5, రెండేళ్లలోపు 10, మూడేళ్లలోపు 15, నాలుగేళ్లలోపు 25, ఐదేళ్లలోపు 35, పదేళ్లలోపు 40, ఆపైన 50 శాతం.

వెనక బంపర్ 9,000, అందులో 4,500 పోతుంది. డిక్కీ తలుపు 18,000, మూడున్నరేళ్లు కాబట్టి 4,500 పోతుంది. వెనక లైటు 5,000, సగం పోతుంది. వెనక అద్దం 7,000, పూర్తిగా వస్తుంది. పెయింటింగ్ 12,000. దీనికి ఒకే మొత్తంగా బిల్లు వేస్తే అందులో 25 శాతాన్ని, అంటే 3,000ను, రంగు ఖరీదుగా తీసుకుని, దాంట్లో సగం 1,500 తీసేస్తారు. కూలి 6,000కు కోత లేదు. మొత్తం బిల్లు 57,000, తరుగు 13,000. ఇవికాక 1,500 సీసీ వరకు 1,000, ఆపైన 2,000 తప్పనిసరి మినహాయింపు ఉంటుంది. చివరికి మీకు వచ్చేది 43,000, చేతినుంచి పడేది 14,000.

ఇంకా కనిపించని ఖర్చు ఒకటి ఉంది, అది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. తప్పు మీది కాకపోయినా ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ తీసుకుంటే బోనస్ సున్నాకు పడిపోతుంది. 20, 25, 35, 45, 50 శాతాలుగా అది మళ్లీ మొదటినుంచి పెరగాలి. పై కారుకు ఇప్పుడు 35 శాతం ఉందనుకోండి, బోనస్ తీసేయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకోండి. క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడాది 45, ఆ తర్వాత 50 శాతం తగ్గేది. క్లెయిమ్ తీసుకుంటే సున్నా, 20, 25, 35, 45. ప్రీమియం మారలేదనుకుంటే ఐదు రెన్యువల్స్‌లో తేడా 4,050, 2,700, 2,250, 1,350, 450. అన్నీ కలిపి 10,800 రూపాయలు.

అందుకే పదివేల లోపు దెబ్బకు క్లెయిమ్ వేయడం చాలాసార్లు నష్టమే. 57,000 బిల్లుకు వేయాల్సిందే. బోనస్ రక్షణ యాడ్ ఆన్ ఉంటే ఈ లెక్క మారుతుంది. జీరో డిప్రిసియేషన్ ఉంటే తరుగు పోతుంది, తప్పనిసరి మినహాయింపు మాత్రం అలాగే ఉంటుంది. ఏడాదికి ఎన్ని జీరో డిప్రిసియేషన్ క్లెయిమ్‌లు ఇస్తారో కూడా చూసుకోండి.

రిపేరు ఖర్చు కారు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కిస్తారు. అప్పుడు రిపేరు కాదు, ఐడీవీ మొత్తం మినహాయింపు పోను వస్తుంది. కారు మీద అప్పుంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకు వెళుతుంది. ఆ 75 శాతానికి అటూ ఇటూగా ఉన్న కార్లను సర్వేయర్లు రిపేరు వైపే నెడతారు. ఛాసిస్ వంగిన కారైతే వర్క్‌షాపు చేత ఆ విషయం రాతలో పెట్టించి పోరాడటం మంచిది.

చివర్లో సంతృప్తి పత్రం మీద సంతకం అడుగుతారు. కారు నడిపి, చక్రాల అలైన్‌మెంట్, లైట్లు, డిక్కీ తలుపు చూసుకున్నాకే పెట్టండి. "నా సొంత పాలసీ కింద మాత్రమే, ఎదుటి వాహనంపై మిగిలిన నష్టానికి నా హక్కు నిలుపుకుంటూ" అని ఒక వాక్యం చేర్చడం మర్చిపోకండి.

5. ఎదుటి కంపెనీ దారి

మీకు లయబిలిటీ పాలసీ మాత్రమే ఉన్నా, సొంత క్లెయిమ్‌లో కోత పెద్దగా పడినా, ఇక ట్రిబ్యునలే గతి. 165వ సెక్షన్ కింద మూడో వ్యక్తి ఆస్తి నష్టం కూడా దాని పరిధిలోకి వస్తుంది. ఒకే డబ్బు రెండుసార్లు తీసుకోకూడదు. పై ఉదాహరణలో 43,000 వచ్చాక ఎదుటివాడిని అడగగలిగేది మిగిలిన 14,000 గురించే. ఆ సంగతి పిటిషన్‌లో దాచకుండా చెప్పాలి. ఒక్క 14,000 కోసం ట్రిబ్యునల్ మెట్లెక్కడం దండగే. ముందు లాయరు నోటీసు పంపి, లోక్ అదాలత్‌లో తేల్చుకునే ప్రయత్నం చేయండి. ఎలాగూ గాయాల కేసు వేస్తుంటే మాత్రం దీన్నీ కలపండి.

కారు నష్టమంతా ఈ దారిలోనే రాబట్టుకోవాల్సి వస్తే, రిపేరుకు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎదుటి వాహన యజమానికి, అతని బీమా కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కారు ఎక్కడుందో చెప్పి, ఫలానా తేదీలోగా సర్వేయర్‌ను పంపి చూసుకోమనండి. ఎవరూ రాకపోతే లైసెన్సు ఉన్న స్వతంత్ర సర్వేయర్‌తో నష్టం అంచనా వేయించండి. మార్చిన భాగాలు పారేయవద్దు. బిల్లులు జీఎస్టీతో, అసలువే కావాలి. చేతిరాత చీటీలను ట్రిబ్యునల్ పట్టించుకోదు. కారు లేని రోజుల్లో అద్దె వాహనానికి పెట్టిన ఖర్చు కూడా రసీదులతో అడగవచ్చు.

పిటిషన్ 166వ సెక్షన్ కింద వేస్తారు. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉండే చోట గానీ, ప్రతివాది ఉండే చోట గానీ వేసుకోవచ్చు. విజయవాడ మనిషి కారును నాగపూర్ దగ్గర లారీ గుద్దితే విజయవాడలోనే వేయవచ్చన్నమాట. డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి గడువు ప్రమాదం రోజు నుంచి 6 నెలలు. పోలీసు కేసు తేలాక చూద్దాం అని కూర్చుంటే ఈ గడువు దాటిపోతుంది.

ప్రైవేటు కారు పాలసీలో మూడో వ్యక్తి ఆస్తి నష్టానికి పరిమితి 7.5 లక్షల రూపాయలు, ద్విచక్ర వాహనానికి లక్ష. కొందరు ప్రీమియంలో వంద రూపాయలు తగ్గించుకోవడానికి ఈ పరిమితిని 6,000కు కుదించుకుంటారు. ఎదుటివాడు అలా చేసి ఉంటే 6,000 పైన నష్టమంతా యజమాని నుంచే రావాలి. మీ పాలసీలో మీరే అలా చేసి ఉన్నారేమో కూడా ఓసారి చూసుకోండి. వంద రూపాయల పొదుపుకు అంత ముప్పు తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది?

వెనకనుంచి గుద్దితే ముందు అనుమానం వెనక బండి మీదకే వెళుతుంది. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ముందు బండికి తగినంత దూరం పాటించే బాధ్యత వెనక డ్రైవరుదే. అయితే ఇది ప్రతిసారీ తిరుగులేనిది కాదు. రాత్రిపూట హైవే మీద ఇండికేటర్లు, రిఫ్లెక్టర్లు లేకుండా ఆగిన లారీని గుద్దినప్పుడు ట్రిబ్యునళ్లు నిర్లక్ష్యాన్ని ఇద్దరికీ పంచుతాయి.

పంచడంలో రెండు రకాలున్నాయి. మీ తప్పు కూడా కొంత ఉంటే, మీ పరిహారంలో అంత శాతం తగ్గుతుంది. లక్షలో మీ తప్పు 30 శాతమని తేలితే 70,000 వస్తుంది. మీ తప్పు ఏమీ లేకుండా, రెండు బండ్ల తప్పు వల్ల మీకు నష్టం జరిగితే లెక్క వేరు. అప్పుడు మొత్తం డబ్బును ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో ఖెన్యేయి కేసులో స్పష్టం చేసింది. వాళ్లలో వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. ఒక బండికి బీమా లేనప్పుడు ఈ తేడా చాలా విలువైనది.

వరుసగా నాలుగు కార్లు గుద్దుకున్నప్పుడు నడిమి కారుకు చిక్కు ఎక్కువ. మీరు ఆగాక వెనకవాడు గుద్ది మిమ్మల్ని ముందు కారు మీదకు నెట్టాడా, లేక మీరు ముందు గుద్దాక వెనకవాడు వచ్చి పడ్డాడా? ముందు కారు డ్రైవరుకు ఎన్ని కుదుపులు తగిలాయో అడిగి రాసుకోండి. ఒకటే అంటే మీరు నెట్టబడ్డట్టు. రెండు అంటే మొదటిది మీదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ మాట అక్కడే ఫోన్‌లో రికార్డు చేసుకుంటే తర్వాత వాదన ఉండదు.

డ్రైవరు తప్పుకు యజమాని కూడా బాధ్యుడే. యజమాని అంటే ఆర్సీలో పేరున్నవాడు. అమ్మేసి కాగితాలు మార్చని కారు ప్రమాదం చేస్తే, ఆర్సీలో ఉన్న పాత యజమానే పరిహారం కట్టాలని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారు అమ్మినవాళ్లు ఆర్సీ బదిలీ అయిందో లేదో యాప్‌లో చూసుకునేదాకా నిశ్చింతగా ఉండవద్దు.

మీ కారును వేరొకరు నడిపి ప్రమాదం చేస్తే

స్నేహితుడికో బావమరిదికో కారిచ్చారు, అతను ఎవరినో గుద్దాడు. మన పాలసీల్లో ఫలానావాళ్లే నడపాలని పేర్లు ఉండవు. యజమాని అనుమతి, ఆ రోజుకు అమల్లో ఉన్న లైసెన్సు ఉంటే సాధారణంగా రెండు భాగాలూ వర్తిస్తాయి. బోనస్ మాత్రం మీదే పోతుంది. ప్రైవేటు నంబరు కారును కిరాయికి తిప్పుతుండగా జరిగినా, డ్రైవరు మద్యం మత్తులో ఉన్నా కారు నష్టం డబ్బు రాదు.

లైసెన్సు లేనివాడు నడిపితే ముందు బాధితుడికి కంపెనీ చేత చెల్లింపజేసి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు చాలాసార్లు ఆదేశిస్తాయి. అంటే అప్పు తీరినట్టు కాదు, మీ మీదకు బదిలీ అయినట్టు. మైనరు నడిపితే 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు.

ఇలాంటప్పుడు "తప్పు మాదే, డబ్బు ఇచ్చేస్తాం" అని రాసివ్వవద్దు. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం పాలసీ షరతుకు విరుద్ధం. గాయపడినవారిని ఆస్పత్రికి తీసుకెళ్లడం ఒప్పుకోలు కిందకు రాదు, అది నిస్సంకోచంగా చేయండి. నోటీసు వచ్చినా, సమన్లు వచ్చినా అదే రోజు కంపెనీకి పంపండి.

చాలామందికి తెలియని ఖాళీ ఇంకోటి ఉంది. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే వర్తిస్తుంది. కారు అడిగి తీసుకెళ్లిన స్నేహితుడికి రాదు. పక్కన కూర్చున్నవాళ్ల సంగతీ పాలసీ మీదే ఆధారపడుతుంది. మీ డ్రైవరు తప్పైతే ప్యాకేజ్ పాలసీ వాళ్లకు పరిహారం ఇస్తుంది, లయబిలిటీ ఓన్లీ పాలసీ ఇవ్వదు. జీతం డ్రైవరు ఉంటే అతని కోసం ఏడాదికి 50 రూపాయల అదనపు కవర్ ఉంటుంది, అది రెన్యువల్‌లో పెట్టించండి.

గాయాలుంటే

2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదురహిత చికిత్స పథకం ఉంది. తప్పు రుజువు చేయకుండానే 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు అడగవచ్చు. గుద్ది పారిపోయి బండి ఆచూకీ దొరక్కపోతే 161వ సెక్షన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. దీని దరఖాస్తు ట్రిబ్యునల్‌కు కాదు, రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి. కారు నష్టానికి ఈ పథకంలో ఏమీ రాదు, దానికి సొంత పాలసీయే దిక్కు.

గాయాల కేసులో దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. బాధితుడిగా మీ వివరాల ఫారం ఆ అధికారికి 60 రోజుల్లో ఇవ్వాలి. ఈ తేదీలు రాసిపెట్టుకుని స్టేషన్‌లో అడుగుతూ ఉండండి, అడగకపోతే ఫైలు కదలదు.

తిరస్కరిస్తే

సొంత కంపెనీ కాదంటే కారణం రాతలో అడగండి, పాలసీలో ఏ షరతు కిందో చెప్పమనండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి, ఆ తర్వాత ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ఫోన్ 155255 లేదా 1800 4254 732. నెల దాటినా స్పందన లేకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (ఖాతాదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి, 50 లక్షల వరకు వింటారు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే రెండేళ్ల గడువు. ఎదుటివాడి కంపెనీ మీద మాత్రం అంబుడ్స్‌మన్‌కు వెళ్లలేరు, మీరు వాళ్ల ఖాతాదారు కాదు.

ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు, వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయల లోపైతే ఆ అవకాశం లేదు. తీర్పు వచ్చాక కూడా బీమా లేని యజమాని డబ్బు కట్టకపోతే, 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఇచ్చే సర్టిఫికెట్‌తో కలెక్టరు ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. అందుకే అతని పేరున ఉన్న భూమి, ఇల్లు, ఇతర వాహనాల వివరాలు పిటిషన్ వేసే రోజుల్లోనే సేకరించి పెట్టుకోండి.